గోదావరి లోయలో తొలి రాజ్యములు



నేను ముప్పదియైదు సంవత్సరములు బడిలో చరిత్రపాఠము చెప్పితిని. ఏటేట వానలు మొదలైన కొలది దినములకు నదీలోయ నాగరికతల పాఠము వచ్చెడిది. నల్లబల్లమీద నైలునదిని ఒక వంకర గీతగా గీచి, దాని ప్రక్క యూఫ్రటీసును టైగ్రిసును గీచి, వానికి తూర్పున సింధువును గీచి, మనుష్యుడు మొట్టమొదట పట్టణములు కట్టినది ఈ నదుల యొడ్డుననే అని చెప్పెడివాడను. ఒక యేడు వెనుకవరుసలోని పిల్లవాడొకడు లేచి, "సార్, మన గోదారి కాడ ఏం పుట్టలేదా?" అని యడిగెను. "అది ముందు పాఠములలో వచ్చును, కూర్చుండుము" అంటిని. ఆ పుస్తకములో ముందు పాఠములలో ఎక్కడను అది రాలేదు. నేనును దానిని తెచ్చి చెప్పలేదు. ఆ ఋణము కొంతయైన తీర్చుకొనుటకే నేడు ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

ముందుగా నది మనుష్యునకు ఏమి యిచ్చునో చూతము. నీరు అని వెంటనే తోచును. కాని నీరు మాత్రమే చాలినచో కొండచెలమల ప్రక్కనే మహానగరములు వెలసియుండెడివి. నైలునది ప్రతి సంవత్సరము వేసవి చివర పొంగి, ఇథియోపియా కొండల మట్టిని తెచ్చి పొలములమీద పఱచి వెడలిపోయెడిది. ఎరువు వేయనక్కఱలేదు, బీడు పెట్టనక్కఱలేదు. విత్తనము చల్లి పశువులచేత త్రొక్కించిన చాలును. గ్రీకుదేశపు హెరోడోటసు ఈజిప్టును నది యిచ్చిన కానుకగా వర్ణించెనన్న అందులో అతిశయోక్తి లేదు. ఒక కుటుంబము తాను తినగా మిగులునంత పంట పండించినపుడు, ఆ మిగులుతో కుమ్మరి, కమ్మరి, పూజారి, లెక్కలు వ్రాయువాడు, కత్తిపట్టువాడు బ్రదుకవచ్చును. ఆ మిగులును కొలిచి గాదెలో పోయించుకొనువాడే రాజు. క్రీ.పూ. 3100 ప్రాంతమున ఎగువ, దిగువ ఈజిప్టులు ఒక్క కిరీటము క్రిందికి వచ్చినవనిన, నైలు వెంబడి పడవమీద పోవువానికి ఆ రెండు దేశముల గాదెలును అందుబాటులో నుండుటయే దానికి మూలము.

సుమేరు దేశమున కథ వేఱు. అక్కడ వఱద పంట కోతకు వచ్చు సమయమున వచ్చి చెఱచును. కాబట్టి కట్టలు కట్టి, కాలువలు త్రవ్వి, పూడిక తీసి, నీటిని పంచుకొనవలసి వచ్చెను. పదిమంది కలిసి చేయవలసిన పని యిది. కలిసి పనిచేయువారికి లెక్క కావలెను. ఉరుకు నగరమున క్రీ.పూ. 3300 ప్రాంతమున మట్టిపలకలమీద వ్రాసిన వ్రాతలు లోకములోని అతిప్రాచీన లేఖనములలోనివి. అందులో స్తోత్రములు లేవు, కావ్యములు లేవు. ఇన్ని కుంచముల యవలు, ఇన్ని గొఱ్ఱెలు, ఇంతమంది కూలీలకు ఇంత పానము అను లెక్కలే యున్నవి. అక్షరము సరస్వతీదేవి వీణనుండి పుట్టినదని నమ్మి చదువుకొన్న నావంటివానికి, అది పట్వారీ దస్త్రమునుండి పుట్టినదని తెలిసికొనుట కొంత కష్టముగానే యుండెను.

ఆ దేశమునే తరువాత నేలిన హమ్మురాబి, క్రీ.పూ. 1750 ప్రాంతమున చెక్కించిన శిలాశాసనమున, తన కట్టను బాగుచేసికొనక గండి పడనిచ్చి పొరుగువాని పొలము ముంచినవాడు ఆ నష్టమైన ధాన్యమును చెల్లింపవలెనని విధించెను. మన చెఱువుకట్టలమీద, మత్తడుల కడ, తూములకడ నేటికిని జరుగు తగవులను చూచినవారికి ఆ శిల పరాయిదిగా తోచదు. క్రీ.పూ. 24వ శతాబ్దమున అక్కాడు రాజైన సార్గోను ఈ కాలువల నగరముల నన్నిటిని జయించి ఏకచ్ఛత్రము చేసెను. చరిత్ర యెఱిగిన మొదటి సామ్రాజ్యము అదియే యందురు. మెలుహ్హా అను దేశపు ఓడలు తన రేవులో ఆగుచున్నవని ఆ సార్గోను చెప్పుకొన్నాడు. మెలుహ్హా అనగా మన సింధులోయయే అని పండితులలో పెక్కుమంది అభిప్రాయము.

సింధులోయనుగూర్చి మీరు చాల వినియుందురు. 1921లో దయారాం సాహ్ని హరప్పాలోను, 1922లో రాఖాల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలోను త్రవ్వకములు సాగింపగా, 1924లో జాన్ మార్షలు ఆ సంగతి లోకమునకు ప్రకటించెను. కొలత తప్పని ఇటుకలు, తూకము తప్పని గుండ్లు, మూతలు వేసిన మురుగు కాలువలు, ఇంటింటికి స్నానపు గదులు. వారి లిపిని ఇంకను ఎవ్వరును నిస్సందేహముగా చదువలేకపోయిరి. అయితే ఆ నాగరికత చివరి దశలో దాని చాయ మన గోదావరి వఱకును వచ్చినదన్న మాట అందఱును ఎఱుగరు. మహారాష్ట్రమున గోదావరికి ఉపనదియైన ప్రవర యొడ్డున దైమాబాదు అను గ్రామము కలదు. 1974లో అక్కడ ఒక రైతునకు భూమిలో నాలుగు కంచుబొమ్మలు దొరకినవి. ఎడ్లు పూన్చిన రథము, ఏనుగు, ఖడ్గమృగము, ఎనుబోతు. నాలుగును కలిసి అఱువది కిలోలకు పైబడిన తూకము. తరువాత జరిపిన త్రవ్వకములలో అక్కడ హరప్పా తుదికాలపు జనులు నివసించిరని తేలినది. ఆ రథమునకు కట్టిన జోడెడ్లను చూచినపుడు మా వేములవాడ రాజన్న గుడిలో కోడెమ్రొక్కు చెల్లించుటకు కోడెను పట్టుకొని తిరుగు భక్తులు నాకు గుర్తునకు రాకపోలేదు. కాని ఆ మ్రొక్కు దైమాబాదునుండి వచ్చినదని నేను చెప్పను. పోలిక కనబడినచోటనెల్ల బంధుత్వము కలుపుట పిల్లచేష్ట.

ఇక మన పిల్లవాని ప్రశ్నకు వత్తము. నైలు యొడ్డున క్రీ.పూ. 3100 నాటికే రాజ్యమేర్పడగా, ఇంత పెద్ద గోదావరి యొడ్డున, మన తెలంగాణపు భాగమున, రాజ్యమన్నమాట రెండువేల యేండ్లకు పైగా ఆలస్యముగా వినబడుటకు కారణమేమి?

మొదటి కారణము నదియే. త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించు ఈ నది కందకుర్తి కడ మంజీరను కలుపుకొని, ధర్మపురి మీదుగా మన ప్రాంతమున దిగువకు పోవును. మీరు ధర్మపురి మెట్లు దిగి స్నానము చేసియుండినచో ఎఱుగుదురు, ఇచ్చట గోదావరి లోతైన పడుకలో, ఎత్తైన ఒడ్ల నడుమ నడచును. నైలువలె ఏటేట పొలములమీదికి వచ్చి ఒండ్రు పఱచి పోదు. పొంగినపుడు భయంకరముగా పొంగును, తగ్గినపుడు ఇసుకతిన్నెల నడుమ పాయలై పోవును. మోకాలిలోతు నీరున్న వేసవిలో ఆ నీటిని ఒడ్డుమీది చేనికి ఎక్కించు ఉపాయము ప్రాచీనులకు లేదు. యంత్రములు వచ్చునంతవఱకు మనకును లేదు.

కాబట్టి మన నాగరికత నదినుండి గాక వాగులనుండి పుట్టినదని నా నమ్మకము. వేములవాడ ప్రక్కను పాఱు మూలవాగు, అది కలియు మానేరు, వెల్గటూరు దిక్కున పాఱు పెద్దవాగు, ఇటువంటి చిన్న ఏఱులే ఇక్కడి రైతును పోషించినవి. వాగు ఎండినను ఇసుకలో చెలిమ తీసిన నీరు ఊరును. వాగునకు అడ్డముగా చిన్నకట్ట వేసిన కుంట యగును. కుంటలు పెరిగి చెఱువులగును. గోదావరి ఈ వాగులకెల్ల తల్లియై దిగువను వేచియుండును గాని తాను స్వయముగా పొలములోనికి రాదు.

రెండవ కారణము నేల. మనది ఎఱ్ఱని చెలక, అక్కడక్కడ నల్లరేగడి, వాని మీద దట్టమైన అడవి. నైలుమట్టిని కొయ్యనాగలి చీల్చును. ఎండిన రేగడిని, రాతి చెలకను, టేకు వేళ్ళను కొయ్యనాగలి ఏమి చేయగలదు? నూఱిన రాతిగొడ్డండ్లతో కొంత అడవిని నఱకి, పశువులను మేపుకొని, కొఱ్ఱలు పెసలు చల్లుకొనిన జనులు దక్కనులో క్రీ.పూ. మూడవ సహస్రాబ్దినుండియే కలరు. పెద్ద మిగులునకు మాత్రము ఇనుము రావలసి వచ్చెను. ఆ ఇనుము మన నేలలోనే సమృద్ధిగా నుండెను. మన ప్రాంతమున పలుచోట్ల పొలములలో కనబడు నల్లని చిట్టెపు రాళ్ళు, ఒకనాటి ఇనుపకొలుములు కక్కిన మడ్డి. ఈ విద్య ఎంత లోతుగా వేళ్ళూనినదనగా, రెండువేల యేండ్ల పిమ్మట గూడ నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రపు ఉక్కుకొఱకు పారసీక వర్తకులు వచ్చి, కొలిమి ప్రక్కన కూర్చుండి, ముద్దలను పరీక్షించి కొనిపోవుచుండిరి. డమాస్కసు ఖడ్గములకు ప్రసిద్ధి తెచ్చినది ఈ జాతి ఉక్కే.

ఇనుము వచ్చిన కాలమునకు గుర్తుగా మరియొక వస్తువు కలదు. లోపల నలుపు, వెలుపల ఎఱుపు గల మట్టికుండ. కుండను బోర్లించి కాల్చినపుడు లోపలికి గాలి ఆడక నల్లబడును, వెలుపల గాలి తగిలి ఎఱ్ఱబడును. ఈ పెంకులు, రాక్షసగుళ్ళని మనవారు పిలుచు పెద్దరాళ్ళ సమాధులు, ఇనుపకత్తులు ఒక్కచోట దొరకుచుండును. రాక్షసులెవ్వరును లేరు. చచ్చినవానికి అంత పెద్ద రాతిని మోయించి గౌరవము చేయగల కులపెద్ద యొకడు ఏర్పడినాడని ఆ రాళ్ళు చెప్పుచున్నవి.

క్రీ.పూ. 6వ శతాబ్దమునకు మన ప్రాంతము పేరుతో గ్రంథములకెక్కినది. బౌద్ధుల అంగుత్తరనికాయము జంబూద్వీపమున పదునాఱు మహాజనపదములను పేర్కొనుచు అందు అస్సకమును, అనగా అశ్మకమును, లెక్కించినది. ఆ పదునాఱింటిలో వింధ్యకు దక్షిణమున నున్నది ఇది యొక్కటే. దాని రాజధాని పోతన, లేక పోదన. అది నేటి బోధనే యని పలువురు చరిత్రకారుల నిర్ణయము. అశ్మము అనగా రాయి. మన నేలను చూచి పెట్టిన పేరేమో యని నాకు అప్పుడప్పుడు తోచును.

సుత్తనిపాతమున బావరి యను బ్రాహ్మణుని కథ యొకటి యున్నది. ఆయన కోసలదేశమునుండి దక్షిణమునకు వచ్చి, అస్సక దేశమున, అళకమునకు చేరువను, గోదావరి తీరమున ఆశ్రమము కట్టుకొనెను. ఒకనాడు ఒక యాచకుడు వచ్చి ఐదువందలు ఇమ్మని అడిగి, లేదన్నందున తల పగులునని శపించెను. భయపడిన బావరి తన పదునార్గురు శిష్యులను బుద్ధునికడకు పంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతము, శ్రావస్తి, కపిలవస్తు, కుశినార, వైశాలి దాటి మగధ చేరిరి. ఆ ఆశ్రమము కోరుట్లకు ఉత్తరమున గోదావరి నడుమ ద్వీపముగా నున్న బాదనకుర్తియే యని కొందఱు వాదింతురు.

స్థలము ఏదైనను కానిండు. ఈ కథను బౌద్ధులు ధర్మముకొఱకు చదువుదురు. నేను మఱియొకందులకు చదువుదును. బావరి ఆశ్రమము ప్రక్కను విశాలమైన గ్రామమొకటి యుండెననియు, ఆ గ్రామమునుండి వచ్చిన ఆదాయముతో ఆయన మహాయజ్ఞము చేసెననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. చూడుడు, పెద్ద గ్రామము, దానికి మిగులు ఆదాయము, ఆ మిగులును తినియే జరిగిన యజ్ఞము, ధనము అడుగు యాచకుడు, ఉత్తరమున మగధ వఱకు పోవు బాట. రాజ్యమేర్పడుటకు ఏమేమి కావలెనో అవి యన్నియు గోదావరి తీరమున అప్పటికే సిద్ధముగా నున్నవి.

ఇప్పుడు కోటిలింగాలకు పోదము. నేటి జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలమున, పెద్దవాగు గోదావరిలో కలియుచోట, కోటేశ్వరస్వామి గుడి యొకటి యున్నది. యాత్రికులు స్నానము చేసి, దర్శనము చేసికొని పోవుదురు. గుడికి చేరువనున్న దిబ్బ మట్టిగోడల కోటయని, ఆ దిబ్బలో ఒక నగరము నిదురించుచున్నదని చాలకాలము ఎవరికిని తెలియదు. గ్రామస్థులకు దొరకిన చిన్న చిన్న నాణెములు ఒక స్థానిక సేకర్త కూర్చగా, అవి 1970ల ద్వితీయార్ధమున శాసనపరిశోధకులైన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి దృష్టికి వచ్చినవి. పిమ్మట 1979 మొదలుకొని కొన్ని సంవత్సరములు వి.వి. కృష్ణశాస్త్రిగారి ఆధ్వర్యమున రాష్ట్ర పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఇటుకగోడల ఇండ్లు, మట్టికోట, బురుజు, కాల్చిన మట్టి వలయములు ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన బావులు వెలువడినవి.

కాని కోటిలింగాల కీర్తి ఆ నాణెములది. మొదట బొమ్మలు మాత్రము గ్రుద్దిన వెండి ముద్రాంకితములు. వాని మీద పేరుండదు. సూర్యుడు, చెట్టు, ఎద్దు, కొండ, ఇట్టి గుర్తులుండును. తరువాత బ్రాహ్మీలిపిలో పేర్లుగల నాణెములు. గోభద, నారణ, కంవాయ, సమగోప. ఈ పేర్లు ఏ పురాణమునందును లేవు, ఏ శాసనమునందును లేవు. ఈ రాజులు జీవించి, పన్నులు వసూలుచేసి, తమ పేర నాణెములు పోయించి, చనిపోయిరి. వారు ఉండిరనుటకు బొటనవ్రేలి గోరంత లోహపు ముక్కలు తప్ప వేఱొక సాక్ష్యము లేదు. ఒక్కసారి ఆలోచింపుడు, ఆ ముక్కలను కంసాలి కొలిమిలో వేసి కరగించియుండినచో, మన దేశపు మొదటి రాజులలో నలుగురు లోకమునుండి శాశ్వతముగా తుడిచిపెట్టుకొని పోయెడివారు.

వానితోపాటు దొరకినదే చిముక సాతవాహనుని నాణెము. పురాణములలో ఆంధ్రరాజుల పట్టికలో మొదటివాని పేరు శిశుకుడని, సింధుకుడని, శిప్రకుడని వ్రాతగాండ్ర తప్పులతో పలురీతుల నున్నది. పూనా కొండలలో నానాఘాటు గుహయందు నాగానికరాణి కాలపు శాసనమున, విగ్రహము క్రింద అతని పేరు సిముక సాతవాహనుడని యున్నది. విగ్రహము చెడిపోయి పాదములు మాత్రమే మిగిలినవి. ఆ ఆధారమున శాతవాహనులు పడమటి దేశమువారే యని, ప్రతిష్ఠానమే వారి పుట్టినిల్లని చిరకాలము వాదము సాగినది. కోటిలింగాల నాణెములు ఆ వాదమును కదల్చివైచినవి. ఆ స్థలములోనే శాతవాహనులకు ముందటి రాజుల నాణెములు, మొదటి శాతవాహనుని నాణెము, అతని వెంటవచ్చిన శాతకర్ణి నాణెములు వరుసగా దొరకుటచేత, వారు మొదట తలయెత్తినది గోదావరి మధ్యభాగముననే యని మనవారు చెప్పిరి. ఈ చిముకుడును ఆ సిముకుడును ఒక్కడు కారని, ఒకే పేరుగల వేఱు రాజులని అనువారును కలరు. ఆయన కాలమును క్రీ.పూ. 3వ శతాబ్దమునకు ఎక్కించువారును, క్రీ.పూ. 1వ శతాబ్దమునకు దించువారును కలరు. మన ఊరివాడని నేను మొదటి పక్షమున మొగ్గుదును గాని, అభిమానము ప్రమాణము కాదని నాకు న్యాయశాస్త్రము చెప్పిన గురువుగారు నేర్పినారు. ఇంతమాత్రము నిశ్చయము. శాతవాహన నామము గల రాజొకడు ప్రభువు కాకమునుపే ఆ వాగు కలయు చోట కోట యుండెను, రాజులుండిరి, నాణెములుండెను. సామ్రాజ్యము ఆకాశమునుండి ఊడిపడలేదు.

వాగు నదిలో కలియు చోటనే కోట ఎందులకు? అక్కడ రెండుప్రక్కల నీరు కందకమగును. వాగు వెంబడి లోపలి పల్లెల ధాన్యము, ఇనుము, అడవి సరుకు దిగివచ్చును. ఎదుటి యొడ్డునకు దాటు రేవు దొరకును. ఆ రేవున కూర్చున్నవాడు దాటు ప్రతి బండికిని సుంకము తీసికొనవచ్చును. ఈజిప్టు రాజు ఒండ్రునుండి ధనవంతుడైనాడు, కోటిలింగాల రాజు రేవునుండి ధనవంతుడైనాడు.

దీనికి దక్షిణమున హుస్సేనిమియా వాగు దిక్కున ధూళికట్ట, పెద్దబంకూరు అను రెండూళ్ళు కలవు. ధూళికట్టలో 1970ల త్రవ్వకములలో మట్టికోటయు, కోట వెలుపల బౌద్ధస్తూపమును బయలుపడినవి. ముచలిందనాగుడు పడగలు విప్పి నిలిచిన ఆ శిలాఫలకములు చూడదగినవి. బుద్ధుని విగ్రహమునకు మాఱుగా పాదములు, పీఠము, నాగుడు మాత్రము చెక్కు కాలమది. పెద్దబంకూరులో కోట లేదు. అది పనివాండ్ర ఊరు. కమ్మరికొలుములు, ఇటుక బావులు, వలయపు బావులు, వాడిన నీరు ఇంకుటకు గుంటలు, వేలకొలది శాతవాహన నాణెములు, రోమనుచక్రవర్తుల వెండినాణెములు గూడ. సముద్రమునకు ఇంత దూరమున, మానేటి ప్రక్కను, రోమునగరపు నాణెము! మొహెంజొదారో మురుగుకాలువలను వర్ణించి వర్ణించి నేను గొంతు ఎండించుకొంటిని. ఇంకుడుగుంటలు గల ఈ ఊరు మాత్రము మా పిల్లలు బస్సులో దాటిపోవు దారిలో నున్నది.

రోమను రచయిత ప్లినీ, క్రీ.శ. 1వ శతాబ్దమున, ఆంధ్రులకు ముప్పది ప్రాకారనగరములు, లక్ష కాల్బలము, రెండువేల గుఱ్ఱములు, వేయి ఏనుగులు కలవని వ్రాసెను. ఈ లెక్క మెగస్తనీసునుండి వచ్చినదని పలువురి నమ్మకము. ఆ ముప్పదిలో కోటిలింగాల ఒకటి, ధూళికట్ట ఒకటి యని మనవారు చెప్పుదురు. కావచ్చును. ముప్పదింటి పేర్లు ప్లినీ ఇయ్యలేదు గనుక కాదనుటకును అవుననుటకును వీలులేదు.

శాతవాహనులు పడమటికి విస్తరించి కొండకనుమలను, వానిమీద పడమటి సముద్రపు వర్తకమును పట్టుకొనిరి. తూర్పున కృష్ణాతీరము వఱకు వచ్చిరి. వారిలో మిన్నయైన గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి బాలశ్రీ నాసికు గుహాశాసనమున కొనియాడుచు, ఆయన ఏలిన దేశములను వరుసగా చెప్పినది. ఆ వరుస మొదటి పేర్లలోనే అసికము, అసకము, మూలకము ఉన్నవి. అసకమనగా మన అశ్మకమే. సముద్రమునుండి సముద్రము వఱకు ఏలిన కుటుంబము కూడ దేశములను లెక్కించునపుడు గోదావరి లోయనుండియే లెక్క మొదలుపెట్టినది.

శాతవాహనులు క్రీ.శ. 3వ శతాబ్దమున అంతరించిరి. నడుమ గడచిన ఐదువందల యేండ్లను దాటి మా వేములవాడకు వత్తును. 8వ శతాబ్దమునుండి 10వ శతాబ్దము వఱకు ఇచ్చట ఏలిన చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. వారును మొదట బోధనుననే యుండిరి. వారిలో యుద్ధమల్లుడను రాజు బోధనున నూనెనింపిన కోనేట ప్రతిదినమును ఐదువందల ఏనుగులకు స్నానము చేయించెడివాడని ఆ వంశపు కవులు వర్ణించిరి. కవుల ఏనుగులను సగము తగ్గించి లెక్కించినను, ప్లినీ వేయి ఏనుగులును ఈ ఐదువందలును ఒకే గోదావరి అడవినుండి వచ్చినవని తెలియును. తరువాత రాజధాని లేంబులవాటకమునకు, అనగా వేములవాడకు, మాఱినది. రెండవ అరికేసరి ఆస్థానమున పంపమహాకవి 941లో విక్రమార్జునవిజయమును కన్నడమున రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధరకు చేరువనున్న కుర్క్యాల బొమ్మలగుట్టమీద చెక్కించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. అందలి తెలుగు కందపద్యములు నన్నయగారికి నూఱేండ్లు ముందటివి. 966 నాటి పర్భణి తామ్రశాసనమున మూడవ అరికేసరి, తన తండ్రి బద్దెగుడు లేంబులపాటకమున కట్టించిన శుభధామ జినాలయమునకై సోమదేవసూరికి గ్రామము దానమిచ్చెను. ఉరుకు మట్టిపలకమీది యవల లెక్కకును ఈ రాగిరేకుమీది గ్రామదానమునకును మూలము ఒక్కటే. పొలమున మిగిలినది ఎవరికి పోవలెనన్న ప్రశ్న.

ఇక నేటిమాట. కోటిలింగాలకు దిగువను ఎల్లంపల్లికడ గోదావరికి 2004లో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ప్రాజెక్టు నీరు వెనుకకు నిలిచి, ఆ దిబ్బ అంచులను ముంచినది. త్రవ్వినది కొంత, త్రవ్వవలసినది చాల. మా వేములవాడ దిక్కున మూలవాగు మానేరు కలయు మాన్వాడకడ కట్టిన జలాశయము, 25 టీఎంసీలకు పైగా నీరు పట్టునది, రాజరాజేశ్వరుని పేరే పెట్టుకొన్నది. అనుపురము, రుద్రవరము, కొదురుపాక, వరదవెల్లి మొదలుగా పదికి పైగా గ్రామములు దానిక్రింద ముంపునకు వచ్చినవి. నేను జలాశయములను నిందింపను. గోదావరి నీరు ఒడ్డు ఎక్కి చెలకలోనికి రావలెనని మా తాతలు కోరుకొని చనిపోయిరి. అయితే వాగులు కలయు చోటులే ప్రాచీనులు ఊళ్ళు కట్టుకొన్న చోటులు, ఆ చోటులే నేటి యంత్రజ్ఞులు కట్టలకు ఎన్నుకొను చోటులు. అందుచేత ఒక్కొక్క జలాశయము నిండినపుడు ముందుగా మునుగునది మన తొలి ప్రకరణము. నీరు నిలువకముందు పరిశోధకుడు వచ్చి చూచి, కొలిచి, వ్రాసికొని పోవుటకు ఒక్క వేసవికాలమైన ఇయ్యవలెనని నా మనవి.

పల్లెలవారికి ఒక మాట. దున్నునపుడు నాణెములు దొరకిన కంసాలికి చూపకుడు. 1878లో చేసిన చట్టమున, పదిరూపాయలు మించిన విలువగల నిక్షేపము దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెనని విధించిరి. విలువ రూపాయలలో లేకున్నను, దొరకిన చోటు తెలియనిచో ఆ వస్తువు మూగదగును. ఏ పొలము, ఎంత లోతు, ప్రక్కన ఏమున్నది అను మూడు మాటలు దానికి నాలుక.

గోదావరి ప్రశ్న అడిగిన ఆ పిల్లవాడు పెరిగి రైతైనాడు. అతని పల్లెయు జలాశయమున పోయినది. ఊరు విడుచుటకు ముందు బావిగడ్డమీద దొరకినదని ఒక పెంకు తెచ్చి నా చేతిలో పెట్టి, "సార్, ఇది పనికొస్తదా?" అనెను. లోపల నలుపు, వెలుపల ఎఱుపు. నేను కాగితమిచ్చి, ఎక్కడ దొరకినదో వ్రాయుమంటిని. అతడు ఊరిపేరు, పొలము సర్వే నంబరు, "బావికి ఉత్తరం, నడుము లోతు" అని వ్రాసి, పెంకును అందులో చుట్టెను. కరీంనగరులోని పురావస్తు ప్రదర్శనశాలకు పోవు బస్సు ఎన్నిగంటలకని అడిగి, మఱునాడే తీసికొని పోయెను.